గాలికొండ మలుపులో కాఫీ పళ్ళ బండి

గాలికొండ ఎక్కుతుండగా సుక్రు లారీ మూడోసారి ఆగిపోయేసరికి పొద్దున పదిన్నర దాటింది. మొదటిసారి ఆగినప్పుడు సుక్రు నవ్వాడు. రెండోసారి బండిని తిట్టాడు. మూడోసారి హ్యాండ్ బ్రేకు గుంజి, కిందికి దిగి, వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టి, లేచి నిలబడి బస్తాల వంక చూశాడు.

నలభై రెండు బస్తాల కాఫీ పళ్ళు. బొండుగుడలో పదిహేడు ఇళ్ళవాళ్ళు నిన్న పొద్దు వాలాక మొదలుపెట్టి, మళ్ళీ ఈ వేళ మంచు కరిగేదాకా కోసినవి. కాఫీ పండు కొమ్మ దిగిందంటే పిండిన పాలతో సమానం. మర్నాటి సాయంత్రంలోగా మిషన్లో పడి తొక్క ఊడాలి. లేకపోతే బస్తాలోనే వేడెక్కి పులిసిపోతుంది. గింజకి పట్టిన పులుపు వాసన ఏటి నీళ్ళన్నీ పోసి కడిగినా వదలదు.

పోయిన వారం ఇదే జరిగింది. వేరే బండిలో వేసిన పళ్ళు ఒక రాత్రి ఆలస్యంగా చేరాయి. అరకులోయలో తొక్క తీసే యూనిట్లో పళ్ళు చూసి తీసుకునే ఫణీంద్ర గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కోప్పడకుండానే, ఒకే మాట చెప్పాడట. ఈసారి సాయంత్రం ఆరు దాటి వచ్చినా, వాసనతో వచ్చినా ఈ సీజనుకి బొండుగుడ పళ్ళు ఇంక వద్దని. వద్దంటే మిగిలిన దారి ఎండబెట్టి సంతలో షావుకారుకి పోయడమే. సగం ధర కూడా రాదు. అందుకే ఊరివాళ్ళు ఈసారి సుక్రు బండే కావాలని పట్టుబట్టారు. సుక్రు తమ ఊరివాడు. ముప్పై ఏళ్ళుగా ఈ ఘాట్ల మీద స్టీరింగు తిప్పుతున్నవాడు.

వాసన మాట సుక్రు చెవిలో గట్టిగానే పడింది. నిన్న దారిలో ఎక్కడో డీజిలు ట్యాంకు మూత ఊడి పడిపోయింది. ఎక్కుడులో డీజిలు తొణికి ఆ కంపు బస్తాలకి పడుతుందేమోనని, పొద్దున్నే మందపాటి పాలిథిన్ కాగితం రెండు మడతలు వేసి, ట్యాంకు మూతికి తొడిగి, సైకిలు ట్యూబు ముక్కతో ఏడెనిమిది చుట్లు బిగించి కట్టాడు. గుడ్డ కుక్కితే డీజిలు పీల్చుకుని ఇంకా కంపు కొడుతుంది. ఇది చుక్క బయటికి రానివ్వదు. తన తెలివిని తనే మెచ్చుకుంటూ బయల్దేరాడు.

క్యాబిన్లోంచి రాజులమ్మ దిగింది. ఊళ్ళో కాఫీ ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆవిడ. బండితో వెళ్ళి తూకం దగ్గర నిలబడేది ఆమే. సుక్రు కన్నా రెండేళ్ళు పెద్దది కాబట్టి అతనికి అక్క.

“మళ్ళీ ఏటయ్యింది తమ్ముడా?”

“గాలి పట్టేత్తందక్కా. డీజిలు రాటం నేదు.”

డీజిలు పైపులోకి గాలి చేరితే బండి ఊపిరాడని మనిషిలా రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, ఇంజను పక్కనున్న చిన్న పంపు మీటని చేత్తో కొడుతూ, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా ఆగి, మర బిగించాలి. సుక్రు రెండుసార్లు అలా చేశాడు. మొదట చేసినప్పుడు బండి మూడు కిలోమీటర్లు నడిచింది. తరవాత ఒక్కటి. ఇప్పుడు మీట ఎంత కొట్టినా ఫిల్టరు దగ్గర తడి కూడా కనబడలేదు. పంపు చచ్చిపోయిందని నిశ్చయించుకున్నాడు.

పంపు కావాలంటే ఘాటు దిగి శృంగవరపుకోట షాపు నుంచి రావాలి. ఫోను చేసి ఫలానా పంపు పంపమని చెబితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సుక్రు మాత్రం ఎనిమిదేళ్ళుగా ఆ షాపుకి ఫోను చేసి ఏ వస్తువు పేరూ చెప్పలేదు.

సుక్రు పదిహేనో ఏట కొండ దాటి ఒడిశా వైపు జయపురంలో ఒక మేస్త్రీ దగ్గర చేరాడు. చదువు రెండో తరగతి. ఆ మేస్త్రీకి అదీ లేదు. కానీ కళ్ళకి గంతలు కట్టినా చేత్తో తడిమి బండి మొత్తం విప్పి బిగించగలడు. బండి కింద పడుకుని, చెయ్యి బయటికి చాపి, ఒక పేరు అనేవాడు. ఆ చేతిలో ఆ వస్తువే పడాలి. వేరేది పడితే అదే వస్తువు తిరిగొచ్చి సుక్రు మోకాలికి తగిలేది. అలా నేర్చిన పేర్లు చచ్చేదాకా వదలవు. వంకర తిరిగిన స్ప్రింగు పేరు చింగుడి, అంటే ఒడియాలో రొయ్య. నాలుగు కొమ్మల జాయింటు పేరు సిలువ. ట్యాంకులోని డీజిలుని పైకి లాగే ఆ చిన్న పంపు పేరు ఏసీ పంపు. దానికి ఆ పేరు ఎందుకొచ్చిందో మేస్త్రీకీ తెలియదు, ఆయనకి నేర్పిన మేస్త్రీకీ తెలియదు.

తీరా సొంత బండి కొనుక్కుని ఇటు వచ్చాక చూస్తే, కొండ మీది పేరు కొండ దిగితే చెల్లదు. అదే పంపు శృంగవరపుకోటలో ఫీడు పంపు. కంపెనీ పుస్తకంలో లిఫ్టు పంపు. పైన మీట ఉంటుంది కాబట్టి కొందరు మెకానిక్కులకి అది చేతి పంపు. ఒకసారి సుక్రు కోట షాపుకి ఫోను చేసి ఏసీ పంపు బేగి పంపించమన్నాడు. షాపు యజమాని లక్ష్మీప్రసాద్ మంచివాడే. కానీ ఆ రోజు షాపు నిండా జనం, ఫోను స్పీకర్లో ఉంది. లారీకి ఏసీ ఎప్పుడు పెట్టించావు సుక్రూ, కొండ మీద మంచు చాలలేదా అన్నాడు. షాపంతా నవ్వింది. ఆ నవ్వు ఫోనులోంచి వచ్చి సుక్రు చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఒక ఏడాది పొడుగునా ఘాటు మీద ఎదురైన డ్రైవరల్లా కిటికీలోంచి తల బయటపెట్టి ఏసీ సుక్రూ అని పిలిచినవాడే.

ఆ తరవాత అతను ఈ కొండల్లో పాత డ్రైవర్లందరూ పట్టిన దారే పట్టాడు. చెడిపోయిన వస్తువుని విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి, కిందికి వెళ్ళే బస్సు కండక్టరు చేతికిస్తారు. దాన్ని శాంపిలు అంటారు. షాపువాడు దాన్ని చూసి, దాని జోడీ తీసి, రెండూ కలిపి కట్టి పైకొచ్చే బస్సులో వేస్తాడు. పేరుతో పని లేదు. వస్తువే తన సంగతి తను చెప్పుకుంటుంది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు జరగలేదు.

అరకు నుంచి దిగే బస్సు కోసం చూసే అలవాటు ఉన్నవాడు కాబట్టి సుక్రుకి టైము తెలుసు. పదకొండున్నరకి ఒకటి, అది తప్పితే మళ్ళీ మూడింటికి. పైమలుపులో బస్సు హారను అప్పుడే వినబడింది. ఇంకేమీ చూడలేదు. స్పానరు తీసుకుని బానెట్టు కింద దూరాడు. రెండు పైపులు, రెండు బోల్టులు. వేడి ఇంజనుకి మణికట్టు కాలింది. పంపు చేతికొచ్చేసరికి బస్సు ముందు చక్రాలు లారీ పక్కకి వచ్చేశాయి. రోడ్డుకి అడ్డంగా నిలబడి, పంపుని తన తువ్వాలులోనే చుట్టి, ఇనప తీగతో కట్టి కండక్టరుకిచ్చి, లక్ష్మీప్రసాద్ షాపు, శాంపిలు అని రెండే మాటలు చెప్పాడు. బస్సు వెళ్ళిపోయింది. రాజులమ్మ అంతా చూస్తూ, ఇంత కంగారుగా పంపేశావు, సరిగ్గా చూశావా అని అడిగింది. చూడ్డానికేముందక్కా, అది ఎత్తడం లేదు, అంతే అన్నాడు.

ఇక కాచుకోవడమే మిగిలింది. రాజులమ్మ కాచుకునే మనిషి కాదు. రోడ్డు పక్క బండరాయి ఎక్కితే ఫోనుకి సిగ్నలు దొరికింది. తెలిసిన జీపులన్నింటికీ చేసింది. ఆ రోజు శుక్రవారం, అరకు సంత. చక్రమున్నదల్లా సంతకి వెళ్ళిపోయింది. ఖాళీగా దొరికిన ఒక ఆటోలో నాలుగు బస్తాలకి మించి పట్టవు. రెండు ఇళ్ళ పళ్ళు పంపి పదిహేను ఇళ్ళవి ఆపితే రేపు ఊళ్ళో మొహం ఎలా చూపించాలి అంది. ఆటో వద్దనేసింది.

ఎండ ఎక్కింది. సుక్రు టార్పాలిన్ ఒక పక్కకి లాగాడు. రాజులమ్మ ఒక బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. చెయ్యి తీసి సుక్రు చేతి మీద పెట్టింది. గోరువెచ్చగా ఉంది. ఇద్దరూ కలిసి బస్తాలన్నీ అటూ ఇటూ దొర్లించి మధ్యలో గాలి ఆడేలా సర్దారు. నలభై రెండు బస్తాలు. సర్దడం అయ్యేసరికి ఒంటిగంటన్నర.

అప్పుడు బండరాయి మీద వదిలిన సుక్రు ఫోను మోగింది. బండరాయి మీదికి పరిగెత్తాడు.

“సుక్రు గారేనాండీ? కోటలో షాపు నుంచి, భానుశ్రీని. లక్ష్మీప్రసాద్ గారి కోడల్ని. మీ పంపొచ్చింది. కొత్తది ఉంది, కావాలంటే నాలుగింటి బస్సుకి వేసేస్తాను. కానీ దీనికేమీ అవలేదండీ.”

“అవనేదంటే ఏటమ్మా?”

“డీజిలు లోపలికొచ్చే కన్నం మీద వేలు పెట్టి మీట కొట్టాను. వేలు పట్టుకుని లాగేస్తోంది. మా మావగారూ చూశారు. పంపు బంగారంలా ఉందన్నారు. అసలు మీరు విప్పకముందు బండి ఏం చేసిందండీ?”

ఆమె వెనకాల షాపులో జనం అలికిడి వినిపిస్తోంది. ఎవరో దగ్గారు. ఫోను స్పీకర్లో ఉందేమో. పైన ఫిల్టరు పక్కన, మర ఉంటాది, దాన్ని మీరేటంటారో, మేం ఒకటంటాం, అంటూ నసిగాడు. సిగ్నలు పోయినట్టు నటించి పెట్టేద్దామని కూడా అనిపించింది. కింద రోడ్డు మీద రాజులమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని తనవైపే చూస్తోంది.

“పేర్లు మనకొద్దండీ,” అంది భానుశ్రీ. “నాకూ సగం పేర్లు రావు. పొద్దున్న బయల్దేరిన దగ్గర్నుంచీ ఏం జరిగిందో వరసగా చెప్పండి. నేను వింటాను.”

ఆ గొంతులో నవ్వు లేదు. సుక్రు చెప్పాడు. పొద్దున ఊరు దిగేటప్పుడు బండి బాగానే ఉందని, ఎక్కుడు మొదలయ్యాక గుంజుడు తగ్గిందని, గాలి తీస్తే మూడు కిలోమీటర్లు వచ్చిందని, మళ్ళీ తీస్తే ఒక్కటే వచ్చిందని, ఆఖరికి మీట ఎంత కొట్టినా చుక్క రాలేదని. ట్యాంకులో డీజిలు సగానికి పైనే ఉందని. ఒక్క వస్తువు పేరు కూడా లేకుండా అంతా చెప్పగలిగినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

తరవాత ఆమె మెల్లిగా అంది. “గాలి తీసినప్పుడల్లా కొంచెం నడిచింది. అంటే బండి ఆగి ఉన్నంతసేపూ ఎక్కణ్ణుంచో కాస్త గాలి ట్యాంకులోకి చేరేదన్నమాట. సుక్రు గారూ, డీజిలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి కదండీ. వస్తోందా?”

సుక్రు ఫోను చెవి నుంచి తీసి, బండరాయి మీంచి ట్యాంకు వైపు చూశాడు.

దిగి వచ్చి ట్యాంకు ముందు గొంతు కూచున్నాడు. పొద్దున్న డోలు చర్మంలా బిగించిన పాలిథిన్ కాగితం ఇప్పుడు ట్యాంకు మూతిలోకి గిన్నెలా గుంటపడి ఉంది. కొడవలి కొనతో పొడిచాడు. పాము బుస కొట్టినట్టు గాలి లోపలికి పోయింది. చాలాసేపు పోతూనే ఉంది.

రాజులమ్మకి అబద్ధం చెప్పే ధైర్యం అతనికి ఎప్పుడూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పంపుకి ఏ రోగమూ లేదు. తనే ట్యాంకు గొంతు నులిమాడు. మంచి పంపుని విప్పి కోటకి పంపేశాడు. ఇప్పుడు ట్యాంకు బాగుంది, బండిలో పంపు లేదు.

ఆమె ఆ గుంటపడ్డ కాగితం వంక చూసింది.

“మా పళ్ళకి కంపు అంటకూడదని మా పళ్ళకే ఉరేసీసేవురా తమ్ముడా,” అంది.

సుక్రు తల వంచుకున్నాడు. ఆ మాటలో కోపం ఉంటే భరించేవాడే. కోపం లేదు.

నాలుగింటికి కోటలో ఎక్కిన పంపు ఇక్కడికి చేరేసరికి ఐదూ ముప్పావు. బిగించి, గాలి తీసి, బండి కదిలేసరికి ఆరుంపావు. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు. ఏ లెక్కన చూసినా ఆరింటికి చేరేది లేదు. బస్తాలోంచి వచ్చే వాసన ఇంకా తీపిగానే ఉంది, కానీ ఆ తీపి వెనక ఏదో ఉంది. మగ్గిన పనస తొన దగ్గర వచ్చేలాంటిది.

రాజులమ్మ బానెట్టు కిందికి తొంగిచూసింది. ఆమెకి ఒక్క వస్తువు పేరూ తెలియదు. పంపు ఉన్న చోట రెండు బోల్టు కన్నాలు, మధ్యలో పెద్ద కన్నం.

“నువ్వు పంపీసిన దాని పనేటి?”

“కింద ట్యాంకులో డీజిలు పైకెత్తడమక్కా.”

“అంతేనా? ఇంకేం సెయ్యదా?”

“అంతే.”

“మరి ట్యాంకే పైనుంటే దాంతో పనేటి?”

బొండుగుడకి కరెంటు మోటారు లేదు. ఊరి పైకొండలో ఊట దగ్గర తొట్టి కట్టి పైపు వేసుకున్నారు. నీళ్ళు వాటంతటవే దిగి ఇంటింటికీ వస్తాయి. వేసవిలో తొట్టి తగ్గి పైపులో గాలి పడితే, కొండెక్కి, పైపు నీళ్ళతో నింపి, కొస వేలితో మూసి, బుడగ లేకుండా మళ్ళీ దింపేది రాజులమ్మే. పదేళ్ళుగా ఆ పని ఇంకొకళ్ళకి ఇవ్వలేదు. సుక్రు ఆమె మొహంలోకి చూశాడు. జయపురం మేస్త్రీ కూడా ఒకసారి ఇలాంటిదేదో చేశాడని, తను మోకాలు తడుముకుంటూ సరిగ్గా చూడలేదని జ్ఞాపకమొచ్చింది. అప్పుడు పని మొదలైంది.

ముందు ఇంజను కన్నం మూయాలి, లేకపోతే ఆయిలు చిమ్మేస్తుంది. ఆయిలు డబ్బా రేకు కత్తిరించి, ట్యూబు ముక్క కింద వేసి, ఆ రెండు బోల్టులతోనే బిగించాడు. తాగే నీళ్ళ ఇరవై లీటర్ల క్యాను ఖాళీ చేసి, తుడిచి, ట్యాంకులోంచి డీజిలు తోడి నింపాడు. డీజిలు తోడే పొడుగు పైపు బండిలో ఎప్పుడూ ఉంటుంది. ఒక కొస క్యాను అడుగుదాకా దింపి, రెండో కొస కిటికీ మీంచి తెచ్చి ఫిల్టరుకి తగిలించాలి. క్యాను క్యాబిన్ వెనక బస్తాల మీద, అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. ఎవరో ఒకరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి.

క్యాను మూతికి గుడ్డ కుక్కబోతే రాజులమ్మ అతని చెయ్యి పట్టుకుంది. ఈసారైనా గాలికి దారి వదలమంది. దారి వదిలితే కుదుపుకి డీజిలు తొణుకుతుంది. తొణికితే కింద బస్తా పోయినట్టే. సుక్రు ఆ మాట అనేలోపే ఆమె పైకెక్కి, బస్తాలు వెతికి, ఎర్ర పేలికలు కట్టిన తనవి రెండు లాగి క్యాను కిందకి సర్దింది. చుట్టూ టార్పాలిన్ మడిచి గట్టు కట్టింది.

“పడిపోతావక్కా. మలుపులు.”

“సింతసెట్టెక్కి దులిపినదాన్ని. నువ్వు బండి సూసుకో. ఒక దెబ్బ కొడితే నెమ్మది. రెండు కొడితే ఆపీ.”

మూడూ ముప్పావుకి ఇంజను అందుకుంది. సుక్రు భయంతో మొదటి గేరు దాటలేదు. గాలికొండ పైకి చేరడానికి అరగంట పట్టింది. కిటికీ పక్కనే వేలాడుతున్న పైపులో పసుపు డీజిలు కదలడం కనబడుతోంది. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను పైపు మీద. ఎక్కుడులో ఇంజను ఆగితే వెనక్కి జారే భయం ఒకటే. దిగుడులో ఆగితే ఇంకో భయం. ఈ బండి బ్రేకుకి బలం ఇంజను నుంచే వస్తుంది. ఇంజను చస్తే పెడలు చెక్కలా బిగుసుకుంటుంది. ఆ సంగతి రాజులమ్మకి చెప్పలేదు. ఆమె అడగలేదు.

కాఫీ తోటల దగ్గర దిగుడులో టూరిస్టు కార్లు వరసగా ఆగి ఉన్నాయి. జనం రోడ్డు మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. హారను కొట్టాడు. ఒక తెల్ల కారు సిగ్నలు లేకుండా రోడ్డు మీదికొచ్చింది. సుక్రు బ్రేకు తొక్కాడు. పైన క్యాను ముందుకి ఒరిగి, పైపు కొస ఒక్క క్షణం డీజిలు పైకి తేలింది. ఒక బుడగ. కిటికీ పక్క నుంచి అది నింపాదిగా దిగి రావడం సుక్రు చూశాడు. చేసేదేమీ లేదు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అతని కాలి కింద పెడలు రాయి అయిపోయింది.

గేరు వదలలేదు. అదొక్కటే చేసిన మంచిపని. హ్యాండ్ బ్రేకు రెండు చేతులా గుంజి, మోచేత్తో స్టీరింగు కొండవైపుకి తిప్పాడు. ఎడమ చక్రాలు కాలవలోకి దిగాయి. బండి గట్టుని రాసుకుంటూ, గులకరాళ్ళు చిమ్ముతూ పోయి పోయి ఆగింది. తెల్ల కారు వెనకద్దానికీ లారీ ముందుకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది. అప్పుడు పైన రెండు దెబ్బలు వినబడ్డాయి.

రాజులమ్మ క్యానుని గుండెలకి హత్తుకుని అలాగే ఉంది. చీర మోకాళ్ళ దాకా డీజిలుతో తడిసింది. ఒక చేత్తో పైపుని మడిచి, వేళ్ళు తెల్లబడేలా నొక్కి పట్టుకుంది. పైపులో ఉన్నదాన్ని ఆమె పోనివ్వలేదు. కారులోంచి దిగిన అబ్బాయి ఏమైందండీ అంటూ సిగరెట్టుతో దగ్గరికొచ్చాడు.

“సిగరెట్టు ఆర్పీ బాబూ,” అందామె పైనుంచి. గొంతు పెంచలేదు. “నేను తగలబడిపోతే పోనాను. పదిహేడు ఇళ్ళ పళ్ళున్నాయి.”

ఆ అబ్బాయి సిగరెట్టు కాలితో నలిపి, వెళ్ళి కారు తీసేశాడు. గాలి తీసి మళ్ళీ కదిలేసరికి పావుగంట పోయింది. మిగిలిన దారంతా సుక్రు రెండో గేరులో, ఎవరు హారను కొట్టినా పక్కకి తీయకుండా నడిపాడు. వెనక కార్లు బారులు కట్టాయి. నానా తిట్లూ తిట్టి ఉంటారు. అతనికి వినబడలేదు.

యూనిట్ గేటులో లారీ దూరేటప్పటికి ఆరుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. ఫణీంద్ర గడియారం చూడలేదు. లారీ చుట్టూ ఒక చుట్టు తిరిగి, ముక్కు చిట్లించాడు.

“డీజిల్ వాసనొస్తోందండీ.”

నా చీరదండీ అంది రాజులమ్మ. అతను నమ్మలేదు, నమ్మకపోవడానికి అతనికి హక్కుంది. మొత్తం లోడు వద్దనగలడు కూడా. సుక్రు ముందుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ట్యాంకు, కాగితం, బస్సు, క్యాను. ఫణీంద్ర మధ్యలో ఆపలేదు. అంతా విని, ఒక్కో బస్తా విప్పమన్నాడు. ఒక్కోదాంట్లో చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి వాసన చూసి, నాలుగు పళ్ళు నీళ్ళ తొట్టిలో వేసి మునుగుతున్నాయో తేలుతున్నాయో చూశాడు. ఐదో బస్తా. పన్నెండో బస్తా. ఇరవై ఆరు. సుక్రు చక్రానికి ఆనుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎవరి చెయ్యినీ అతను అంతసేపు చూడలేదు.

మూడు బస్తాలు పక్కన పెట్టాడు. రెండు రాజులమ్మవి, క్యాను కింద ఉన్నవి. మూడోది వాటి అడుగున ఉన్నది, టార్పాలిన్ మడత దాటి డీజిలు పాకి చేరింది. మిగిలిన ముప్పై తొమ్మిదీ తొట్టిలో పోయమన్నాడు.

“కొంచెం వెచ్చబడ్డాయి గానీ పులవలేదు. ఇప్పుడే వేసేస్తే పర్లేదు. రేపు ఎన్నింటికొస్తారు?”

ఆ మాటకి సుక్రు చక్రం దగ్గర్నుంచి కదిలాడు. కోట షాపు నుంచి భానుశ్రీ పాత పంపునే వెనక్కి పంపిందని, అది ఏడింటి బస్సుకి అరకు వస్తుందని, తెల్లారేసరికి బిగించుకుంటానని చెప్పాడు. ఏ పంపు అని అడిగాడు ఫణీంద్ర. కింద డీజిలు పైకెత్తేదండీ, ఏసీ పంపంటాం మేము, అన్నాడు సుక్రు.

బొండుగుడలో ఎవరి బస్తా ఎవరిదో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రంగు గుడ్డపేలిక మూతికి కడతారు. చెడిన మూడో బస్తాకి నీలం పేలిక ఉంది. సోములమ్మది. ఆ ముసలామెకి ఉన్నవి ఇరవై చెట్లు. ఈ కోతకి వచ్చింది ఆ ఒక్క బస్తానే.

తొట్టి దగ్గర ఇంకా పోయకుండా మిగిలిన బస్తాల్లో రాజులమ్మది ఒకటుంది, ఎర్ర పేలికది. ఆమె దాని దగ్గర కూర్చుని ముడి విప్పింది. వేళ్ళకి డీజిలు జిడ్డు అంటి ముడి జారుతోంటే పళ్ళతో పట్టి లాగింది. ఎర్ర పేలిక తీసి చెడిన బస్తాకి కట్టి, నీలం పేలిక తెచ్చి మంచి బస్తాకి కట్టింది. ఫణీంద్ర పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, గోడ వైపు చూస్తూ ఆమె ముడి వేయడం అయ్యేదాకా ఆగాడు. తరవాత, నీలం ఒకటి అని రాసుకున్నాడు.

“ఊళ్ళో ఏటీ అనకు తమ్ముడా,” అంది రాజులమ్మ.

సుక్రు తలూపి, ఎర్ర పేలికలున్న మూడు బస్తాల్లో మొదటిదాన్ని భుజానికెత్తుకుని, తొక్కలు పోసే గుంట వైపు నడిచాడు. వెనకాల మిషను తిరగడం మొదలుపెట్టింది.